మూడు బెజ్జాల ఫైలు

మామగారితో పాటు కొట్టు లైసెన్సు కూడా పోయిందన్న సంగతి బైండింగమ్మకు ఏడాది దాకా తెలియలేదు. మనిషి పోతే నలుగురూ వచ్చి పలకరిస్తారు. లైసెన్సు పోతే ఎవరు పలకరిస్తారు? అది గోడ మీద అద్దాల పటంలో ఎప్పటిలాగే వేలాడుతూ ఉంది, ముద్ర కూడా చెక్కుచెదరలేదు. మీటరు చూడటానికి వచ్చిన కరెంటు మనిషి ఆ పటం వంక చూసి, "ఈ పేరుగల ఆయన ఏరమ్మా?" అని అడిగాకనే అసలు విషయం బయటపడింది. ఎవరి పేరున ఉన్న లైసెన్సు వాళ్ళతోనే చెల్లిపోతుందట. ఏడాదిగా తను చేస్తున్నది దొంగ వ్యాపారమట.

"జిగురూ దారం పెట్టి చేసే దొంగతనం నేనెక్కడా వినలేదే" అంది వదిన.

వదినంటే భర్తకు అక్క. టెలిఫోను ఆఫీసులో రిటైరై వచ్చి, ఊరికే కూర్చోలేక, కొట్లో అంటింపు పని నెత్తినేసుకున్న మనిషి. చెయ్యి ఎంత నెమ్మదో నోరు అంత దురుసు. బైండింగమ్మ భర్త బస్సు డ్రైవరు. సూది కనిపిస్తేనే ఆయనకు ఒళ్ళు మండుతుంది. అందుకే మామగారు తన విద్యను కొడుక్కి కాకుండా కోడలికి ఇచ్చాడు. ఇరవయ్యో ఏట కుట్టు చట్రం ముందు కూర్చుంది, ఇప్పుడామెకు నలభై ఆరు. అసలు పేరు రేషను కార్డు మీద తప్ప ఎక్కడా లేదు. పాలవాడి దగ్గర్నుంచి పోస్టుమాను దాకా అందరికీ బైండింగమ్మే.

ముందు గది కొట్టు, వెనక రెండు గదులు ఇల్లు, మొత్తం అద్దెదే. కొట్లో కిటికీ పక్కన కుట్టు చట్రం, గోడవారగా చేత్తో మర తిప్పి బిగించే ఇనప ప్రెస్సు, పైన అరల నిండా అట్టలు, వాటి మీద అంటించే కాలికో గుడ్డ చుట్టలు. జిగురు వాసన గోడలకు పట్టేసింది. కొత్తవాళ్ళు ముక్కు మూసుకుంటారు గానీ, ఇంట్లోవాళ్ళకు అది లేకపోతే ఏదో పోగొట్టుకున్నట్టుంటుంది.

మామగారు పని నేర్పేముందు ఆమెకు ఒక్క మాటే చెప్పాడు. "మనకిచ్చిన కాగితం మనది కాదమ్మా. కుట్టాలి గానీ చదవకూడదు." ఆ ఇంట్లో అది అన్నిటికన్నా పెద్ద కట్టుబాటు. కోర్టు కాగితాలు వస్తాయి, ఆసుపత్రి రిజిస్టర్లు వస్తాయి, అన్నదమ్ముల తగాదాలు కట్టలు కట్టలుగా వస్తాయి. చూపు అంచు మీద ఉండాలి, మూల మీద ఉండాలి, అక్షరం మీద వాలకూడదు. ఇరవయ్యారేళ్ళలో బైండింగమ్మ ఊళ్ళో సగంమంది గుట్లు కుట్టి ఉంటుంది, ఒక్కటీ ఆమెకు తెలియదు. వదినకు మాత్రం ఈ కట్టుబాటు మింగుడుపడలేదు. "చేతిలో ఉన్నది చదవొద్దంటే ఎలా? ఎక్స్ఛేంజీలో ఉన్నన్నాళ్ళూ వినొద్దన్నారు, ఇక్కడికొస్తే చదవొద్దంటున్నారు" అని సణుగుతూనే పాటించేది.

సరే, లైసెన్సు. తన పేరున కొత్తది తీసుకుంటే పోతుంది కదా అని బైండింగమ్మ ఒక సోమవారం పొద్దున్నే లైసెన్సుల ఆఫీసు మెట్లెక్కింది. అది రెండో అంతస్తు. పదకొండు నెలల్లో ఆ మెట్లెన్నో కళ్ళు మూసుకుని చెప్పగలిగే స్థితికి వచ్చింది. అక్కడి గుమాస్తా చెడ్డవాడు కాదు, చెయ్యి చాచేవాడు అంతకన్నా కాదు. ఎవరు ఏమడిగినా "ఎల్లుండి రండి" అంటాడు, అంతే. ఎల్లుండి వెళ్తే మళ్ళీ ఎల్లుండి. వదిన అతనికి 'ఎల్లుండి' అనే పేరు పెట్టింది.

ముందు ఫైరువాళ్ళ అనుమతి తెమ్మన్నారు. ఫైరు ఆఫీసుకు వెళ్తే లైసెన్సు నంబరు లేనిదే అనుమతి ఇవ్వమన్నారు. రెండు ఆఫీసుల మధ్య నెలన్నర తిరిగాక, దరఖాస్తు రసీదు నంబరు వేసినా చాలునని ఫైరు ఆఫీసు వాచ్‌మన్ చెప్పాడు. ఆ ముక్క లోపల కుర్చీల్లో ఉన్నవాళ్ళెవరికీ తెలియదు. తరవాత కొట్టు ప్లాను కావాలన్నారు. గీయించింది. తలుపు ఏ వైపు తెరుచుకుంటుందో గీయలేదని తిప్పి పంపారు. గీయించింది. ఫారంలో 'యంత్రాల అశ్వశక్తి' అనే గడి ఉంది. ఆమె 'లేదు' అని రాసింది. లేదు అని రాయకూడదు, అంకె వెయ్యాలన్నారు. సున్నా వేసింది. సున్నా అయితే కుటీర పరిశ్రమ అవుతుంది, అది కింది అంతస్తు అన్నారు. ఫైలు కింది అంతస్తులో మూడు నెలలు సేదదీరి, ఇనప ప్రెస్సు ఉంది కనక ఇది కుటీరం కాదన్న నోటుతో మళ్ళీ పైకెక్కింది.

"ప్రెస్సు చేత్తో తిప్పేదేనండీ" అంది బైండింగమ్మ.

"చేత్తోనే కావచ్చండీ. ఆ చెయ్యి ఎంత అశ్వశక్తి అని ఆడిట్లో అడిగితే నేనేం చెప్పను?" అన్నాడు ఎల్లుండి. నిజంగానే బెంగపడుతూ అన్నాడు.

ఇంటికొచ్చి చెబితే వదిన, "రాసెయ్యవే, అర గాడిద అని. రోజంతా తిప్పేది నువ్వే కదా" అంది.

ఇంతకన్నా విడ్డూరం ఇంకొకటుంది. ఆ ఆఫీసులో మూసేసిన ఫైళ్ళను ఏటా సంపుటాలుగా కుట్టేది బైండింగమ్మే. మామగారి కాలం నుంచీ ఆ పని వీళ్ళదే. లైసెన్సు లేని మనిషికి లైసెన్సుల ఆఫీసే పని ఎలా ఇస్తోందని ఒకసారి ఉండబట్టలేక అడిగింది. "అది వేరే సెక్షనండీ" అన్నాడు ఎల్లుండి.

ఇవన్నీ ఆమె నవ్వుకుంటూనే భరించింది. గ్రంథాలయం నోటీసు వచ్చేదాకా తొందరేం లేదు మరి. బళ్ళూ కాలేజీలూ ఇప్పుడు ప్లాస్టిక్ చుట్టల బైండింగు చేయించుకుంటున్నాయి, కొట్టుకు పని ఏడాదికేడాది సన్నగిల్లుతోంది. ఇంటివాడు ముందు గదిని సెల్ ఫోన్ల కొట్టుకు ఇస్తానని రెండుసార్లు చూచాయగా అన్నాడు. సరిగ్గా అలాంటప్పుడు పెద్ద గ్రంథాలయం తన పాత పుస్తకాలన్నిటికీ బైండింగు చేయించడానికి టెండరు పిలిచింది. అయిదేళ్ళ పని, అది దొరికితే కొట్టు నిలబడుతుంది. దొరక్కపోతే చట్రం ఊడదీసి అటక మీద పెట్టుకోవాలి. కవరు శుక్రవారం సాయంత్రం అయిదులోపు పెట్టెలో వెయ్యాలి, లోపల లైసెన్సు నకలు తప్పకుండా ఉండాలి.

ఆ వారం సోమవారం ఆమె వెళ్ళేసరికి ఎల్లుండి తలెత్తకుండా, "మీ ఫైలు కనపడటం లేదండీ" అన్నాడు.

"కనపడకపోవడమేంటండీ? పోయిన నెల మీ బల్ల మీదే చూశాను."

"నేనూ చూశాను. పెద్దసారు సంతకం ఒక్కటే మిగిలింది. ఇప్పుడు లేదు. బీరువాలు రెండూ దులిపేశాను. పోనీ, మళ్ళీ ఒక దరఖాస్తు పెట్టుకోండి."

మళ్ళీ అంటే మళ్ళీ ఫైరు, మళ్ళీ ప్లాను, మళ్ళీ గాడిద. బైండింగమ్మ ఏడవలేదు, కొత్త దరఖాస్తూ అడగలేదు. మంగళవారం కూడా వెళ్ళి, అతనితో పాటు తనూ బల్లల కింద వంగి వెతికింది. లేదు.

మంగళవారం మధ్యాహ్నం ఇంటికొచ్చి చట్రం ముందు చతికిలబడింది. పక్కన ఆ ఆఫీసువే ఏడు సంపుటాలు కుట్టడం పూర్తయి, బుధవారం అప్పజెప్పడానికి సిద్ధంగా ఉన్నాయి. వదిన అట్టలు తుడుస్తోంది. "పోయిన వారం నువ్వు మెచ్చుకున్న మనిషెవరో ఆ ఆఫీసుకు పెద్దయితే బాగుండేది. ఈ పాట్లుండేవి కావు" అంది.

"ఎవరిని మెచ్చుకున్నాను?"

"అదేనే, మూడో సంపుటంలో. మూడు బెజ్జాలు."

బైండింగమ్మ చెయ్యి దారపుండ మీద ఆగిపోయింది. ఆఫీసు ఫైళ్ళకన్నిటికీ మిషనుతో కొట్టిన రెండు బెజ్జాలుంటాయి, అంచు నుంచి ఒక తీరూ తెన్నూ లేకుండా. పోయిన వారం కాగితాలకు గుడ్డపట్టీలు అంటిస్తుంటే ఒక ఫైలు చేతికి తగిలింది. దబ్బనంతో పొడిచిన మూడు బెజ్జాలు, అంచు నుంచి సరిగ్గా బొటనవేలి గోరంత లోపలికి, వరస తప్పకుండా. వేళ్ళు దాన్ని ఇట్టే పోల్చుకున్నాయి. "చూడు వదినా, ఎవరో పని తెలిసినవాళ్ళు" అని ముచ్చటపడి, కళ్ళు మాత్రం అక్షరాల మీదికి పోనివ్వకుండా, అంకెల ముద్ర కొట్టి కుట్టేసింది. ఆ ఆఫీసులో దబ్బనం ఎవరి దగ్గరుంది? లైసెన్సు దరఖాస్తుకు బెజ్జాలు పొడిచింది తనే కదా, ఇదే గదిలో, ఇదే కిటికీ పక్కన.

మూడో సంపుటం లాగి తెరిచింది. ఇరవయ్యారేళ్ళలో మొదటిసారి అప్పగించిన కాగితం చదివింది. మూడువందల డెబ్బై ఒకటో పుట నుంచి నాలుగువందల పద్దెనిమిది దాకా అదే, తన దరఖాస్తు. ఫైరు అనుమతి, ప్లాను, తలుపు, సున్నా, అన్నీ ఉన్నాయి. దాని ముందు మామగారి పాత ఫైలు ఉంది, 'లైసెన్సుదారు మరణించినందున మూసివేయడమైనది' అన్న నోటుతో. రెండిటినీ ఒకే నాడాతో కట్టి ఉంచారు కాబోలు. ఒకటి మూసేసరికి రెండోదీ మూతపడి, కట్టలో కలిసి ఇక్కడికే వచ్చింది. తన ఫైలును తనే కుట్టి, అట్ట వేసి, వీపు మీద బంగారు రంగు అంకె కూడా అద్దింది.

వదిన ముందు పగలబడి నవ్వింది. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుని, "ఇంకేం, విప్పెయ్యి. తడిగుడ్డ పావుగంట వేస్తే పట్టీ ఊడి వస్తుంది. ఆ ఎల్లుండిగాడి బల్ల కింద పడేసి వస్తే ఫైలు దొరికిందని వాడే ఎగిరి గంతేస్తాడు" అంది.

"కుదరదు వదినా."

"ఎందుకు కుదరదే? నువ్వు విప్పితే విప్పినట్టు దేవుడికి కూడా తెలియదు."

అది నిజమే. కానీ చివరి పుటలో 'ఈ సంపుటమున 1 నుండి 614 వరకు పుటలు కలవు' అని రాసి, కింద బైండింగమ్మ సంతకం పెట్టి ఉంది. అది ఆ ఆఫీసు పద్ధతి. నలభై ఎనిమిది పుటలు తీసేస్తే ఆ సంతకం అబద్ధమవుతుంది. పైగా రేపెప్పుడైనా ఎవరైనా లెక్కపెడితే సర్కారు కాగితాలు దొంగిలించిందంటారు. భయమూ ఉంది, అంతకు మించి రోషమూ ఉంది. తన పనిలో తనే కన్నం వెయ్యడం ఆమెకు చేతకాలేదు.

బుధవారం ఏడు సంపుటాలూ రిక్షాలో వేసుకుని వెళ్ళింది. మూడోది మాత్రం ఎల్లుండి బల్ల మీద తెరిచి పెట్టింది. అతని ముఖం పాలిపోయింది.

"మూసేసిన ఫైళ్ళలో కుట్టేశారా! అయ్యయ్యో. కుట్టిన రికార్డు విప్పాలంటే పై ఆఫీసు అనుమతి కావాలి. దానికి నేను సంజాయిషీ రాయాలి. మూడు నెలలు పడుతుంది." అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "అమ్మా, మీకు తెలిసిన విద్యే కదా. ఇంటికి తీసుకెళ్ళి, గుట్టుచప్పుడు కాకుండా..."

"చెయ్యనండీ. కిందున్న సంతకం నాది."

ఆమె తన ఫైలు చివరి పుట దాకా తిప్పింది. బైండింగమ్మకు తోచిన ఉపాయం వ్యాపారపు ఉపాయం కాదు, కుట్టుపని ఉపాయం. మామూలు బైండరు కాగితాల అంచులోంచి దబ్బనం దించి బిగిస్తాడు. ఆ పుస్తకం సగమే తెరుచుకుంటుంది, లోపలి అంచున రాసింది కనపడదు, కొత్తగా రాయడమన్నది కల్ల. వీళ్ళింటి పద్ధతి వేరు. ప్రతి కాగితాన్నీ సన్నటి గుడ్డపట్టీకి అంటించి, ఆ పట్టీనే కుడతారు. ఏ పుట తెరిచినా పుస్తకం చాపలా పరుచుకుంటుంది.

"విప్పడమెందుకండీ? పుస్తకమే పైకి పంపండి" అంది.

"పుస్తకమా?"

"నోటు కాగితంలో చివర సగం పేజీ ఖాళీ ఉంది. సారు అందులోనే రాస్తారు. ఫైలు విడిగా ఉండాలని ఎక్కడైనా రూలుందా?"

ఎల్లుండి చాలాసేపు ఆలోచించాడు. అలాంటి రూలు గుర్తురాలేదు. పుస్తకం పైకి వెళ్తే తను సంజాయిషీ రాయక్కర్లేదన్నది మాత్రం బాగా గుర్తొచ్చింది. "పెద్దసారు ఇవాళ కాంపులో ఉన్నారు" అన్నాడు. తరవాత ఉద్యోగంలో చేరాక మొదటిసారేమో, "రేపు రండి" అన్నాడు.

గురువారం పదకొండు గంటలకు ఎల్లుండి ఆ సంపుటాన్ని రెండు చేతుల మీదా మోసుకుంటూ పెద్దసారు గదిలోకి వెళ్ళాడు. వెనకే బైండింగమ్మ. పెద్దసారు సన్నటి మనిషి, మాట పొదుపు. ఎదుట పడ్డ అట్ట చూసి కళ్ళజోడు సవరించుకున్నాడు.

"ఏమిటిది?"

ఎల్లుండి నసిగాడు. బైండింగమ్మే చెప్పింది. నాడా సంగతి, కట్ట సంగతి, మూడు బెజ్జాల సంగతి, రేపు అయిదు గంటల సంగతి, ఏదీ దాచలేదు.

"మీ ఫైలు మీరే కుట్టేశారా? చూసుకోలేదా?"

"మేం చదవమండి. కుడతామంతే."

ఆయన నవ్వలేదు. మూడువందల డెబ్బై ఒకటో పుట తెరిచి నిదానంగా చదవసాగాడు. పైన ఫాను తిరుగుతోంది, పుట మాత్రం లేవడం లేదు. అశ్వశక్తి దగ్గర ఆగి ఎల్లుండి వంక ఒక చూపు చూసి, మళ్ళీ చదివాడు. చివరి పుటకు వచ్చి కలం మూత తీశాడు. కలం కాగితం దాకా వెళ్ళి ఆగింది.

"పదిహేడో గడి ఖాళీగా ఉందే. వృత్తి నైపుణ్యానికి రుజువు."

"అవునండీ, చూడలేదు" అన్నాడు ఎల్లుండి కంగారుగా. "నోటీసు ఇస్తే పదిహేను రోజుల్లో..."

"ఏదైనా శిక్షణ సర్టిఫికెట్టుందా అమ్మా?"

"లేదండీ. మామగారు నేర్పారు. ఆయన లేరు."

అంతవరకూ వచ్చి ఇక్కడ ఆగిపోయిందే అనుకుంది. రేపటి కవరు, అయిదేళ్ళ పని, కిటికీ పక్కన చట్రం, అన్నీ ఆ ఒక్క గడిలో పడి మునిగిపోతున్నాయి. మామగారి మీద కూడా కోపం వచ్చింది. ఇన్నేళ్ళు నేర్పి ఒక్క చీటీ ముక్క రాసిచ్చి పోకూడదా ఈయన అనుకుంది. మరుక్షణమే అలా అనుకున్నందుకు సిగ్గుపడింది.

పెద్దసారు సొరుగులోంచి నిబంధనల పుస్తకం తీశాడు. అది జిగురుతో అంటించిన రకం, తెరవగానే నాలుగు కాగితాలు ఊడి బల్ల మీద పడ్డాయి. వాటిలో ఒకటి వెతికి తీసి, వేలు పెట్టి చదివాడు. "'నైపుణ్యము విషయమై అధికారి తృప్తి చెందవలెను.' సర్టిఫికెట్ అని లేదే ఇందులో" అన్నాడు.

"ఇన్నాళ్ళూ సర్టిఫికెట్టే అడుగుతున్నామండీ" అన్నాడు ఎల్లుండి.

"అడుగుతున్నాం."

ఆయన ఆ సంపుటాన్ని మూశాడు. వీపు మీద వేలితో నొక్కాడు. మొదటి పుటల దగ్గర తెరిచి వదిలేశాడు, అలాగే పరుచుకుని ఉంది. చివర తెరిచాడు, అలాగే ఉంది. ఒక కాగితం పట్టుకుని కాస్త గట్టిగానే లాగాడు, రాలేదు. తరవాత ఖాళీ సగం పేజీ తీసి, లోపలి అంచు నుంచి మొదలుపెట్టి నాలుగు వరసలు రాశాడు. కలం ఎక్కడా తడబడలేదు. కింద సంతకం, తేదీ.

ఆ సాయంత్రం ఎల్లుండి స్వయంగా టైపు చేయించిన లైసెన్సు చేతికి వచ్చింది. శుక్రవారం మూడింటికి కవరు పెట్టెలో పడింది, నెల తిరక్కముందే గ్రంథాలయం నుంచి మొదటి బండి పుస్తకాలు దిగాయి. కానీ బైండింగమ్మను ఆ సంగతులు అడిగితే రెండు ముక్కల్లో చెప్పి ఊరుకుంటుంది. ఆ గదిలో ఆ నిమిషం గురించి మాత్రం ఎన్నిసార్లయినా చెబుతుంది.

బల్లకు అటువైపు నిలబడి ఉంది కనక ఆయన ఏం రాశాడో ఆమెకు తలకిందులుగా కనిపించింది. "ఏం రాశారండీ?" అని అడిగింది. ఎల్లుండి గుడ్లురిమాడు, అలా అడక్కూడదన్నట్టు. పెద్దసారు మామూలు గొంతుతోనే చదివాడు.

"గడి పదిహేడు. అర్జీదారు పనితనమును స్వయముగా చూచితిని. ఈ నోటు ఆమె కుట్టిన సంపుటములోనే వ్రాయుచున్నాను. తృప్తి చెందితిని. లైసెన్సు మంజూరు."

తను కుట్టిన పుస్తకాలు చూసి ఇరవయ్యారేళ్ళుగా బాగున్నాయన్నవాళ్ళు చాలామందే ఉన్నారు. మీ మామగారి చెయ్యే వేరమ్మా అనేవాళ్ళు. ఆయన చూపు మందగించి చట్రం వదిలేశాక పదేళ్ళూ అదే అన్నారు, పోయాకా అదే అన్నారు. ఆమె కూడా అవునండీ అనేది. ఆమె చెయ్యి అని అన్నవాళ్ళు లేరు, కాగితం మీద రాసినవాళ్ళు అసలే లేరు. బైండింగమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకోవడానికి కొంగు కూడా ఎత్తలేదు.

"ఇక వెళ్దాం పదండమ్మా" అన్నాడు ఎల్లుండి, సంపుటం ఎత్తుకోబోతూ.

ఆమె దాని మీద చెయ్యి వేసి ఆపింది.

"ఇంకొక్కసారి చదవండి సార్" అంది.

ఆయన చదివాడు.